యాడ్ ఎవరి మాట వింటది? ఎనిమిదో తరగతి పిల్లలకు ఎట్ల చెప్పాలె?

దేవరకొండ_సోషల్
అందరికీ నమస్తే. దేవరకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తున్న. పోయిన వారం ఎనిమిదో తరగతిలో ప్రకటనల గురించి మాట్లాడిన. పాత పేపర్లల్ల నుంచి యాడ్లు కత్తిరించి తెమ్మంటే పిల్లలు సంచులకొద్దీ తెచ్చిన్రు. సబ్బులు, బంగారం, ప్లాట్లు, కాలేజీలు అన్నీ చార్ట్ మీద అంటించినం. ఒక్కొక్కరిని లేపి "ఈ యాడ్ ఏం చెప్తుంది?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట: "అబద్ధం చెప్తుంది టీచర్."

ఆ మాట నేను నేర్పిందే. పిల్లలు మోసపోవద్దని మొదటి రోజే చెప్పిన. పాఠం అయిపోయిందని చార్ట్ మడుస్తుంటే చివరి బెంచీ అమ్మాయి లేచింది. "అబద్ధమైతే మా నాయిన యాడ్‌ల ఉన్న పత్తి గింజలే ఎందుకు తెస్తడు టీచర్? మా ఊరి గోడ మీద చూసే తెచ్చిన్నన్నడు" అన్నది. నా దగ్గర జవాబు లేకుండె.

ఇంటికి పోయినంక కూడా అదే ఆలోచన. కంపెనీ ఏమైనా రాసుకోవచ్చు కదా, ఆ ఊరి గోడ మీద ఆ మాటే ఎందుకు రాసింది? ఆ పిల్ల వాళ్ళ నాయినకు ఏం కావాల్నో ఆ కంపెనీకెట్ల తెలిసింది? యాడ్ మాట్లాడే ముందు వింటదని, ఎవరో ఒకరు మన ఊరికి వచ్చి, మన మాట విని పోతరని నేను పిల్లలకు చెప్పనే లేదు. ఈసారి ఆ వినే పని గురించి చెప్పాలనుకుంటున్న. కొట్టు నడిపేవాళ్ళు, సేల్స్‌ల ఉన్నవాళ్ళు, టీచర్లు మీరు చూసింది రాయండి. పుస్తకంల ఉన్నది నేను చదువుకుంట. మన దగ్గర జరిగింది కావాలె.

గడియారం_కిరాణం
టీచరమ్మా, నమస్తే. నల్లగొండ గడియారం దగ్గర మాది కిరాణా కొట్టు, మా నాయిన కాలం నుంచి ఉన్నది. మీ పిల్లలను ఒక్క సాయంత్రం ఏదన్నా కొట్టు అరుగు మీద కూసోబెట్టండి. పాఠం అక్కడ్నే ఉన్నది.

మా దగ్గరికి వచ్చేటోళ్ళు సగం మంది పేరు చెప్పి అడగరు. "ఐదు రూపాయల బిస్కెట్ ఇయ్యి", "రెండు రూపాయల షాంపూ ఇయ్యి" అంటరు. ధర చెప్పి అడుగుతరు. కూలి డబ్బులు ఏ రోజుకారోజు చేతికొచ్చేటోళ్ళు పెద్ద సీసా ఎందుకు కొంటరు? అందుకే కొట్టు ముందట దండల్లెక్క ప్యాకెట్లు వేలాడుతున్నయి. ఆ దండ కంపెనీ తెలివి అని అందరంటరు. నాకైతే అది కూలోళ్ళ జేబు కొలత. ఆ జేబు చూసే ప్యాకెట్ కోసిన్రు, ఆ ప్యాకెట్ మీద ధర అంత పెద్ద అక్షరాలతో అచ్చేసిన్రు.

ఇంకొకటి. ఐదు రూపాయల ప్యాకెట్ ధర ఏండ్ల నుంచి మారలేదు, లోపల గ్రాములు తగ్గుకుంట వచ్చినయి. ధర పెరిగితే జనం చెయ్యి వెనక్కి తీసుకుంటరు, బరువు తగ్గితే చాలామంది చూడరు. కంపెనీ ఇది కూడా మన దగ్గర్నే నేర్చుకున్నది. పిల్లలతోని ప్యాకెట్ వెనక నికర బరువు చదివియ్యండి. నేను మా బిడ్డతోని అదే చేయించిన.

లైన్‌సేల్స్_మిర్యాలగూడ
కిరాణం అన్న చెప్పింది నిజం. నేను సబ్బులు, షాంపూల లైన్ల పద్నాలుగేండ్లు తిరిగిన. "ఎవరో వచ్చి విని పోతరు" అన్నరు కదా మేడమ్, ఆ ఎవరో మాలాంటోళ్ళమే. కొట్టుకు పోంగనే ఆర్డర్ రాసుకునుడు ఒక్కటే పని కాదు. ఏ సరుకు కదుల్తలేదు, జనం ఏమని వాపస్ ఇచ్చిన్రు, పక్క కంపెనీది ఎందుకు ఎక్కువ పోతుంది, అన్నీ అడగాలె. రాత్రి ఆ సంగతి పైకి పోతది. మూడు నెలలకో ఆరు నెలలకో టీవీల కొత్త యాడ్ వస్తది. చూస్తే మన నకిరేకల్ కొట్టాయన అన్న మాటే అందుల వినవస్తది.

పిల్లలకు చెప్పేతందుకు చిక్ షాంపూ కథ మంచిగుంటది. 1983ల తమిళనాడు కడలూరుల సీ.కె. రంగనాథన్ అనే ఆయన మొదలుపెట్టిండు. అప్పటికి షాంపూ అంటే పట్నమోళ్ళు వాడే సీసా. ఊర్లల్ల కుంకుడుకాయ, శీకాయ, లేకుంటే బట్టల సబ్బు. ఆయన మనుషులు ఊర్లకు పోయి, ఒక పిల్లగాని తలకు అందరి ముందట షాంపూ పెట్టి కడిగి, ఆ జుట్టు ముట్టి చూడమన్నరు. రాసి చూపిస్తే చదవలేనోళ్ళు చెయ్యి పెట్టి చూస్తే నమ్ముతరని వాళ్ళకు తెలుసు. ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే ఒకటి ఉచితం అన్నరు. తర్వాత మల్లె, గులాబీ వాసనలు పెట్టిన్రు. మన దక్షిణాది ఆడోళ్ళు తలల పూలు పెట్టుకుంటరు కాబట్టి ఆ వాసన కొత్తగ అనిపియ్యలేదు. షాంపూ పరాయిదే, మల్లెపూవు మనది.

నిర్మా కథ దీనికి జోడీగ చెప్పొచ్చు. 1969ల అహ్మదాబాద్‌ల కర్సన్‌భాయ్ పటేల్ బట్టలుతికే పొడి సైకిల్ మీద పెట్టుకొని అమ్మిండు. సర్ఫ్ ధరల నాలుగో వంతుకు దగ్గర్ల ఇచ్చిండు. సర్ఫ్ అమ్మకాలకు దెబ్బ తగిలినంక 1980లల్ల టీవీల సర్ఫ్ యాడ్‌ల లలితాజీ అనే గృహిణి వచ్చింది. కూరగాయల బేరం ఆడుకుంట, చవకైనదానికీ మంచిదానికీ తేడా ఉంటదని వాదించింది. జనం పైస పైస లెక్క చూస్తున్నరని తెలిసినంకనే ఆ బేరమాడే మనిషి యాడ్లకు వచ్చింది. ధర తగ్గించమన్న జనానికి ధర తగ్గియ్యకుంట ఇచ్చిన జవాబు అది. అటెన్కల ఆ సర్ఫ్ కంపెనీనే వీల్ అని చవక పొడి కూడా తెచ్చింది. మాటతోని పని కాకపోతే సరుకే మార్చాల్సి వచ్చింది.

పత్తిగింజ_మల్లేపల్లి
ఆ అమ్మాయి అడిగినదానికి నేను జవాబు చెప్త. కొండమల్లేపల్లి దిక్కు మాది విత్తనాల షాపు.

బీటీ పత్తి, అంటే కాయ తొలిచే పురుగును తనే తట్టుకునే పత్తి, మన దేశంలకు 2002ల వచ్చింది. అప్పుడు గోడల మీద రాతలన్నీ పురుగు గురించే. పచ్చ పురుగుతోని రైతులు సచ్చి బతికిన్రు, మందు కొట్టీ కొట్టీ అప్పులపాలైన్రు. కాబట్టి పురుగు మాట రాస్తే చాలుతుండె. కొన్నేండ్లకు అందరి గింజలూ బీటీనే అయినయి. ఆ మాటకు విలువ పోయింది. అటెన్కల గులాబీ పురుగు బీటీకి లొంగకుంట తయారైంది, అప్పుడు ఆ మాట రాస్తే రైతులే నిలదీస్తరు.

ఇప్పుడు గోడ మీద ఏమున్నదో చూడమనండి. "పెద్ద కాయ", "ఏరుడు సులువు". ఎందుకంటే పత్తి ఏరేతందుకు కూలోళ్ళు దొరుకుతలేరు. కిలోకింత అని ఇయ్యాలె. చిన్న కాయైతే ఆడోళ్ళు ఆ చేనుకు రానంటున్నరు, పెద్ద కాయ ఉన్న చేనుకే పోతున్నరు. రైతు మా షాపుకొచ్చి అడిగే మొదటి మాట "ఏరబుద్ధయ్యే కాయనేనా?" అని. మేము డీలర్ల మీటింగుల అది చెప్పినం. తర్వాతి సీజన్‌ల ఫ్లెక్సీల మీద అరచేతి నిండా పత్తి పట్టుకున్న ఆడమనిషి బొమ్మ వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మీసాలు తిప్పే రైతు బొమ్మనే.

బిడ్డా, మీ నాయిన గోడ చూసి తెచ్చిన్నన్నడు గని, గోడ ఒక్కటే చూడలేదు. పక్క చేన్ల ఎట్ల కాసిందో చూసిండు. గోడ మీద మాట, పక్క చేన్ల కాపు రెండూ కలిస్తేనే రైతు జేబుల చెయ్యి పెడుతడు. బిల్లు మాత్రం తప్పకుండ తీసుకొమ్మని చెప్పు. ఖాళీ ప్యాకెట్, లాట్ నంబర్ పంట ఇంటికొచ్చేదాక పెట్టుకోవాలె. గింజ మొలవకుంటే ఆ కాయితమే ఆధారం.

అచ్చంపేట_మాస్టారు
అందరూ బాగా రాశారు. కానీ నాకు ఒక భయం ఉంది, టీచర్ గారూ. ఇదంతా చదివితే యాడ్ అంటే మన మాట వినే మంచి నౌకరు అని పిల్లలు అనుకుంటారు. వినడం ఒక్కటే చేస్తే గొడవే లేదు. లేని కోరికను పుట్టిస్తుంది కూడా.

మా బడి పక్కన కొట్లో చిప్స్ ప్యాకెట్లో బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ కావాలని ఏ పిల్లవాడూ ముందు అడగలేదు. ఒకడికి వచ్చాక మిగతా ముప్పై మందికీ కావాల్సి వచ్చింది. ఒక అబ్బాయి మధ్యాహ్నం తినకుండా ఆ డబ్బులు దాచుకున్నాడని తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఇక్కడ ఎవరు ఎవరి మాట విన్నట్టు?

తెల్ల రంగు సంగతి ఇంకో రకం. నల్లగా ఉన్న ఆడపిల్లకు పెళ్ళి కష్టమనే మాట యాడ్ పుట్టించలేదు, అది మన ఇళ్ళలోనే ఉంది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చి ఆ మాటనే పట్టుకుంది, పట్టుకుని పెంచింది. జనం గట్టిగా ప్రశ్నించడం మొదలయ్యాక 2020లో ఆ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. కాబట్టి పిల్లలకు రెండు ప్రశ్నలు ఇవ్వండి: ఈ యాడ్ ఎవరి కోరిక వింది? విన్న తర్వాత ఆ కోరికను ఏం చేసింది?

చట్టం కూడా కొంచెం చెప్పండి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. యాడ్‌లో పెద్ద మాట ఏ భాషలో ఉంటే కింద షరతు కూడా అదే భాషలో ఉండాలి. పైన తెలుగులో "ఉచితం" అని, కింద నక్షత్రం గుర్తు పెట్టి ఇంగ్లీషులో షరతులు రాస్తే తప్పు. మా పిల్లలు ఒక్క ఆదివారం పేపర్లోనే అలాంటివి పట్టుకున్నారు. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. 2020 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల అమ్మకూడదు, యాడ్ పెట్టకూడదు. టేపు పట్టుకుని కొలవడం పిల్లలకు చాలా ఇష్టం.

రంగులగోడ_పాలమూరు
మాస్టారుకు దండం. నేను గోడల మీద రాసేటోన్ని. మహబూబ్‌నగర్, జడ్చర్ల రోడ్డు పొంటి చాన గోడలు నా చేతి రాతే.

జడ్చర్ల దగ్గర ఒక గోడ ఉన్నది. ఇరవై ఏండ్లకు పైన దాని మీద నేనే రాస్తున్న. మొదలు ఎరువు బస్తా. దాని మీద సున్నం కొట్టి సెల్ ఫోన్ రాసిన. 2009ల సెకనుకు పైసా అని వచ్చినప్పుడు ఆ పైసా అంకెను గోడంత రాయమన్నరు. మన పాలమూరోళ్ళు బొంబాయి, పుణె వలసపోయి ఇంటికి ఫోన్ చేసుడే పెద్ద ఖర్చు, అర నిమిషం మాట్లాడి నిమిషం పైసలు కట్టుడు అందరికీ మంట. అందుకే అంకె ముందట, కంపెనీ పేరు వెనక. అటెన్క సిమెంట్ రాసిన. ఇండ్లు కట్టుడు పెరిగింది. 2016ల కొత్త జిల్లాలు వచ్చినంక అదే గోడ మీద వెంచర్. "కలెక్టరేట్‌కు దగ్గర్లనే" అని. ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం బడి.

పోయిన వానకాలం ఆ గోడ ఒక మూల పెచ్చు ఊడింది. బడి పేరు, వెంచర్ రాతల కింద సిమెంట్ బూడిద రంగు, దాని కింద పైసా అంకె తోక, అన్నిటికన్న కింద ఎరువు బస్తా పచ్చ రంగు కనవడుతున్నయి. వేలు పెట్టి చూస్తే ఒక్కో పొర తాకుతది. టీచరమ్మా, మీ పిల్లలు ఈ దిక్కు వస్తే చూపిస్త. మన జనం ఏ ఏడు దేని కోసం కొట్లాడుకున్నరో ఆ మూలల ఉన్నది.

మర్రిగూడ_నీళ్ళు
మా దిక్కు యాడ్ గురించి రాస్త. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. నీళ్ళల్ల లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు. మా తాతలు అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన్రు. పటిక, సున్నంతోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌ల ఉన్న నీరి అనే జాతీయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టిన్రు, ప్రపంచంల ఎక్కడ వాడినా మన జిల్లా పేరుతోనే పిలుస్తరు.

హైదరాబాద్‌ల నీళ్ళ క్యాన్ మీద మంచుకొండ బొమ్మ ఉంటది. మా ఊర్ల క్యాన్ మీద కొండ ఉండదు, "ఫ్లోరైడ్ లేదు" అని ఉంటది. మా భయం వాళ్ళకు తెలుసు. ఇంటింటికీ సర్కారు మిషన్ భగీరథ నల్లా వచ్చినంక కూడా ఆ మాట తీసెయ్యలేదు, ఎందుకంటే మా భయం పోలేదు. నేనడిగేది ఏందంటే, ఆ మాట రాసినాయన నీళ్ళు పరీక్ష చేయించిన కాయితం ఎక్కడున్నదని. మా ఊరి ప్లాంట్ల అడిగితే గోడకున్న రాతనే చూపిచ్చిండు. భయం విని రాసిన మాటకు రుజువు అడుగుడు పిల్లలకు నేర్పాలె అక్కా.

జడ్చర్ల_అమ్మ
మా బాబు ఏడో తరగతి. నా ఫోన్‌ల సైకిల్ వీడియోలు రెండు చూసిండు. అప్పటి నుంచి నేను వంట వీడియో పెట్టినా మధ్యల సైకిల్ యాడే. "అమ్మా, ఫోన్‌కు నాకేం కావాల్నో తెలుసు, నీకే తెలుస్తలేదు" అన్నడు. నాకు ఏడుపొచ్చింది. గోడ మీద రాత ఊరందరికీ ఒకటే, ఇది వాడొక్కని కోసమే రాసినట్టు వస్తుంది. ఇది ఎట్ల చెప్పాలె?

అచ్చంపేట_మాస్టారు
అమ్మా, బాధపడకండి. ఫోన్ విన్నది మీ బాబు వేలిని. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాడో లెక్క పెట్టుకుంది. మనిషిగా వాడేమిటో దానికి తెలియదు. ఒక ప్రయోగం చేయించండి: వారం రోజులు వాడినే కావాలని మేకల పెంపకం వీడియోలు చూడమనండి. దాణా, టీకాల యాడ్లు రావడం మొదలైతే సంగతి వాడికే అర్థమవుతుంది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కదలికలను వెంటాడి వాళ్ళకు గురిపెట్టి యాడ్లు చూపకూడదంటుంది. కానీ ఫోన్ మీ పేరు మీద ఉంది. దాని దృష్టిలో ఆ సైకిల్ అడిగింది మీరే.

ఇక్కత్_ఇల్లు
మాది పోచంపల్లి, మూడు తరాల నుంచి మగ్గమే. ఒక్క మాట చెప్పి పోత. జనం "పోచంపల్లి కావాలె" అన్నరు. ఆ కోరిక విన్నది మేము ఒక్కలమే కాదు, మిల్లులు కూడా విన్నయి. 2005ల మా ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే ఇక్కడ నేసినదానికే ఆ పేరన్న హక్కు, వచ్చింది, అయినా "పోచంపల్లి డిజైన్" అని అచ్చేసిన చీరలు పదో వంతు ధరకు అమ్ముతున్నరు. ఆ "డిజైన్" అన్న ఒక్క పదం పిల్లలకు చూపియ్యండి. చీర తిప్పి చూడమనండి. మేము నూలుకు ముందే రంగు కట్టి నేస్తం కాబట్టి రెండు దిక్కులా ఒకే తీరుగ ఉంటది, పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుంటది. అచ్చుదైతే వెనక వెలిసిపోయినట్టుంటది. మా అమ్మ ఆ చెదురును "నూలు ఊపిరి" అంటది.

దేవరకొండ_సోషల్
మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్న. ఇవన్నీ తరగతిల చదివి వినిపించిన. ఏం జరిగిందో రాస్త.

మొదలు పిల్లలను నలుగురు నలుగురు చేసి ఊరి కొట్లకు పంపిన, సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటి దాక. నోట్‌బుక్కుల రెండే గీతలు: పేరు చెప్పి అడిగినోళ్ళు, ధర చెప్పి అడిగినోళ్ళు. పొద్దున వచ్చి పిల్లలే మూడో గీత కలిపిన్రు: "అదే ఇయ్యి" అనేటోళ్ళు. పేరూ ధరా లేదు, చెయ్యి చూపిస్తరు, కొట్టాయనకు తెలుసు. ఒక పిల్లగాడు అన్నడు, "టీచర్, వీళ్ళకు యాడ్ అవసరమే లేదు, మరి యాడ్ ఎవరికోసం?" దాని మీద ఒక పీరియడ్ మొత్తం మాట్లాడుకున్నం. ఇంకా కొననోళ్ళ కోసమని కొందరు, "అదే" అన్నోళ్ళు మారకుంట ఉండేతందుకని కొందరు. నేను తీర్పు చెప్పలేదు.

తర్వాత పత్తిగింజ అన్న రాసింది చదివిన. చివరి బెంచీ అమ్మాయి ఇంటికి పోయి వాళ్ళమ్మను అడిగింది. వాళ్ళమ్మ కూలికి పోయి పత్తి ఏరుతది. "పెద్ద కాయ గింజ తెమ్మని మీ నాయినకు చెప్పింది నేనే" అన్నదట. ఆ పిల్ల తరగతిల నిలబడి ఈ మాట చెప్పేటప్పుడు గొంతుల ఎంత ధీమా ఉండెనో నేను రాయలేను. గోడ మీద రాతల వాళ్ళమ్మ మాట ఉన్నది.

అప్పుడు నేను మా బడిబాట కరపత్రాలు తీసిన, పాతది ఒకటి, కొత్తది ఒకటి. పిల్లలను మా సర్కారు బడిల చేర్పించుమని ఏటా జూన్‌ల మేము ఇల్లిల్లూ తిరిగి పంచేటివి. పాతదాంట్ల మొదటి వరుస "ఉచిత పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం". 2022 తర్వాతిదాంట్ల మొదటి వరుస "ఇంగ్లీష్ మీడియం". భోజనం కిందికి పోయింది. ఎందుకు మారిందో పిల్లలే చెప్పిన్రు: "మా ఇంట్ల అందరూ ప్రైవేట్ బడికి పంపుదమన్నది దానికోసమే కదా టీచర్."

మాస్టారు ఇచ్చిన ప్రశ్నలకు నేను ఇంకొకటి కలిపి అడిగిన: మన కరపత్రం ఎవరి మాట వినలేదు? కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్క తండా నుంచి వచ్చే ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు చూసుకున్నరు. "బస్సు టైం రాయలేదు టీచర్" అన్నది ఒకామె. బడి విడిచేది నాలుగుంబావుకు, బస్సు నాలుగింటికే పోతది. తర్వాతిది ఆరింటికి. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనా వీళ్ళు మూడు కిలోమీటర్లు నడిచే పోతున్నరు. వాళ్ళ తండాల ఇద్దరు అమ్మాయిలు ఈ ఒక్క కారణంతోనే ఏడో తరగతి తర్వాత రాలేదట. మేము ఆ ఇండ్లకు ఇంగ్లీష్ మీడియం అని కరపత్రం ఇచ్చి వచ్చినం.

గడియారం_కిరాణం
టీచరమ్మా, ఇప్పుడేం చేస్తున్నరు?

దేవరకొండ_సోషల్
డిపో మేనేజర్‌కు అర్జీ రాస్తున్నరు అన్నా. ఎనిమిదో తరగతి అమ్మాయిలే రాస్తున్నరు, నేను అక్షర దోషాలు మాత్రం చూస్తున్న. ఆ నాలుగింటి బస్సును ఇరవై నిమిషాలు ఆలస్యంగ నడపమని. ఎంతమంది ఎక్కుతరో పేర్లతోని లెక్క జత చేసిన్రు. జరిగితే వచ్చే జూన్ కరపత్రంల మొదటి వరుస బస్సు టైమే పెట్టాలని తీర్మానం చేసి బోర్డు మీద రాసిన్రు. సోమవారం నేనే తీసుకపోయి ఇస్తున్న, ఆ తండా పిల్లలిద్దరూ నాతోని వస్తున్నరు.